వెల్డింగ్ చివరి పని

హ్యూస్టన్

చిన్నా,

నువ్వు పంపిన ఫొటోలు పెద్దవి చేసుకుని చూశాను. వచ్చేవారం ఎనిస్‌లో మళ్లీ డ్రాగ్ పందేనికి దిగాలి, ఆలోగా వెనక యాక్సిల్ హౌసింగ్ పగులు మీద వెల్డింగ్ వేయించేస్తే చాలదా అని అడిగావు. చాలదు. ఎందుకు చాలదో, ఏం చేయాలో రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ముందు పగులు ఎక్కడుందో చూడు. నీ మస్టాంగ్‌కు ఉన్నది ఫోర్డ్ 8.8 యాక్సిల్. 1986 నుంచి వీ8 మస్టాంగ్‌లకు అదే వచ్చేది. మధ్య భాగం కాస్ట్ ఐరన్. అటూ ఇటూ స్టీలు ట్యూబులను అందులోకి ప్రెస్ చేసి ప్లగ్ వెల్డ్ వేస్తారు. స్లిక్ టైర్లతో గట్టిగా లాంచ్ చేస్తుంటే ఆ ట్యూబులు మెల్లగా తిరిగిపోతాయి. అందుకే నీకు కారు అమ్మినాయన ట్యూబుల చుట్టూ వెల్డింగ్ చేయించినట్టున్నాడు. ఆలోచన మంచిదే, పనే బాగా జరగలేదు. పగులు బీడ్ మీద, అంటే కరిగి గట్టిపడిన వెల్డింగ్ గీత మీద లేదు, గమనించావా? బీడ్ అంచుకు ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో, కాస్ట్ ఐరన్ వైపు, బీడ్ ఎటు తిరిగితే అటే తిరుగుతోంది. ముందుగా వేడి చేయకుండా వెల్డింగ్ వేసిన చోట పగులు ఇలాగే వస్తుంది.

కాస్ట్ ఐరన్‌లో కార్బన్ రెండు శాతానికి పైనే ఉంటుంది. చల్లగా ఉన్న అంత పెద్ద ముద్ద మీద ఆర్క్ పడితే, కరిగిన చోటి వేడిని చుట్టూ ఉన్న లోహం క్షణాల్లో లాగేస్తుంది. దాంతో బీడ్ పక్కన సన్నటి పట్టీ ఒకటి గట్టిపడి పెళుసైపోతుంది. బీడ్ చల్లారుతూ ముడుచుకుంటుంది. పెళుసు పట్టీ ఆ లాగుడుకు ఓర్చుకోలేదు. చల్లటి గాజుగ్లాసులో సలసల కాగే నీళ్లు పోస్తే జరిగేదే ఇక్కడా జరుగుతుంది. మొదట కంటికి కనిపించని చీలిక, ఒక్కో లాంచ్‌కు కాస్త కాస్త సాగుతుంది.

లాంచ్‌లో ఎంత బలం పడుతుందో లెక్క వేసుకో. ఇంజన్ టార్క్ 600 న్యూటన్ మీటర్లు అనుకుందాం. నీ టర్బో 400 గేర్‌బాక్స్ మొదటి గేరు 2.48, క్రౌన్ పినియన్ 3.73. హెచ్చవేస్తే 5,500 దాటుతుంది, టార్క్ కన్వర్టర్ పెంచేది ఇంకా కలపనే లేదు. చక్రాలను ముందుకు తిప్పే ఈ బలమే హౌసింగ్‌ను వెనక్కి తిప్పాలని చూస్తుంది. పినియన్ వైపు ముక్కు పైకి లేస్తుంది. లోపల పినియన్, క్రౌన్ వీల్‌ను పక్కకు నెట్టి బేరింగ్ సీట్లను విడదీయాలని చూస్తుంది. వీటన్నిటినీ ఓర్చాల్సింది ఆ కాస్ట్ ఐరనే.

ఇప్పుడు చేయాల్సిన పని. యాక్సిల్ దించి, ఆయిల్ తీసేసి, క్రౌన్, పినియన్, బేరింగులు, సీళ్లు అన్నీ విప్పెయ్. గేర్లు లోపల ఉండగా వెల్డింగ్ చేస్తే కరెంటు బేరింగుల గుండా పోయి రోలర్ల మీద గుంటలు పడతాయి. ఇంకో మాట, ఇది ప్రాణానికి సంబంధించింది. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో కడిగిన చోట ఆర్క్ కొట్టకు. ఆ ఆవిరి ఫాస్జీన్ అనే విషవాయువుగా మారుతుంది. క్లోరిన్ లేని క్లీనరే వాడు. అదీ పూర్తిగా ఆరాకే ఆర్క్ దగ్గరికి వెళ్లు.

శుభ్రమయ్యాక డై పెనిట్రెంట్ కొట్టు. ఎర్ర రంగు పూసి, డబ్బా మీద రాసినంత సేపు ఆగి, తుడిచి, తెల్ల డెవలపర్ కొడితే పగులు ఎర్రగీతలా బయటపడుతుంది. కంటికి కనిపించిన చోట అది ఆగదు, ఇంకా ముందుకు పోయి ఉంటుంది. ఆ గీత బేరింగ్ క్యాప్ సీటు దాకా గానీ, క్యాప్ బోల్టు రంధ్రం దాకా గానీ పోయి ఉంటే ఆ హౌసింగ్ ఆశ వదులుకో. గేర్ల అమరిక అంతా ఆ సీట్ల మీదే ఆధారపడి ఉంటుంది. వేరే హౌసింగ్ తెచ్చుకో.

గీత ట్యూబు దగ్గరే ఆగితే బాగుచేయవచ్చు. రెండు కొసలకూ అవతల చిన్న రంధ్రం వెయ్యి. పాత బీడ్ అంతా గ్రైండ్ చేసి, పగులు అడుగు దాకా వీ ఆకారంలో గాడి తీసి, మళ్లీ డై కొట్టి చూడు. ఎరుపు కనిపిస్తే ఇంకా తియ్యాలి. అలైన్‌మెంట్ బార్ బిగించి, మధ్య భాగాన్ని అన్ని వైపులా సమంగా సుమారు 260 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేయించు. కాస్ట్ ఐరన్‌ను స్టీలుతో కలుపుతున్నావు కాబట్టి 55 శాతం నికెల్ రాడ్ వాడమను. అంగుళం బీడ్ వేయడం, వేడి మీదే చిన్న సుత్తితో తట్టడం, తర్వాతి బీడ్ ఎదురువైపు వేయడం. వేడి తగ్గనివ్వకుండా అలా పూర్తిచేసి, వెల్డింగ్ దుప్పటి కప్పి దానంతట అదే చల్లారేదాకా వదిలెయ్. ఫ్యాను పెట్టకు, నీళ్లు చల్లకు. కాస్ట్ ఐరన్ పని రోజూ చేసే వెల్డర్‌నే వెతుక్కో.

చల్లారాక బార్ బిగుసుకోకుండా ఆడాలి. డై మళ్లీ కొట్టు. గేర్లు ఎక్కించేటప్పుడు పినియన్ లోతు, బ్యాక్‌లాష్, పళ్ల మీద రంగు ముద్ర అన్నీ మొదటినుంచీ చూసుకో. బేరింగ్ క్యాప్‌లకు ఆనే బోల్టులున్న గట్టి వెనక కవరు వేయించు. ఆ బోల్టులు తగిలీ తగలనట్టే బిగించు. పై కంట్రోల్ ఆర్మ్ బుష్‌లు అరిగిపోయి చక్రం ఎగిరెగిరి పడుతోందేమో కూడా చూడు. ఆ కుదుపులు ఆపకపోతే కొత్త వెల్డింగ్ కూడా ఎక్కువకాలం నిలవదు.

పందెం మాటకొస్తే, వచ్చేవారం వద్దు. పగిలిన హౌసింగ్ నుంచి గేర్ ఆయిల్ కారితే ముందు తడిసేది నీ టైరే. ఆ తర్వాత అదే లేన్‌లోకి వచ్చేవాడికి కింద ఆయిల్ ఉన్నట్టు తెలియదు. 1,320 అడుగుల దూరాన్ని నువ్వు పదకొండు సెకన్లలో దాటుతున్నావు. ఆ వేగంలో కారు అదుపు తప్పితే సర్దుకునే వ్యవధి ఎవరికీ ఉండదు. నీ వెనక నిలబడే ఆ కుర్రాడు ఎవరి బిడ్డో మనకు తెలియకపోవచ్చు, కానీ వాడి క్షేమం బాధ్యత నీ మీద కూడా ఉంది. పోయిన పందెం మళ్లీ వస్తుంది.

డై పరీక్ష ఫొటోలు రెండు వైపులవీ పంపు. వాటిని చూశాకే హౌసింగ్ ఉంచాలా, మార్చాలా తేలుద్దాం. మార్చాల్సి వస్తే డబ్బు కోసం వెనకాడకు, నాకు ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న