కానన్ వాళ్లు, నికాన్ వాళ్లు

చిరంజీవి మేనకోడలికి,

కాలేజీ ఫోటో క్లబ్బులో సగంమంది కానన్ అంటున్నారనీ, సగంమంది నికాన్ అంటున్నారనీ, సోనీ కొన్న ఒక్క అబ్బాయి రెండు పక్షాలతోనూ వాదానికి దిగుతున్నాడనీ రాశావు. ఏది కొనాలో చెప్పమన్నావు. పేరు చెప్పడం క్షణం పని. కానీ ఈ పక్షాలు ఎలా పుట్టాయో తెలుసుకుంటే ఆ పేరేదో నువ్వే తేల్చుకోగలవు.

1934లో టోక్యోలో ఒక చిన్న బృందం కెమెరా నమూనా తయారుచేసి దానికి క్వానన్ అని పేరు పెట్టింది. మన అవలోకితేశ్వరుణ్ణి జపాన్ బౌద్ధులు కన్నోన్ అని కొలుస్తారు. ఆ పేరే ఇది. రెండేళ్లకి, 1936లో, హాన్సా కానన్ అనే కెమెరా అమ్మకానికి వచ్చింది. పెట్టె కట్టడం వాళ్లకి వచ్చింది గానీ, మంచి లెన్సు చేయడం ఇంకా పట్టుబడలేదు. అందుకని లెన్సు నిప్పాన్ కోగాకు అనే సంస్థ దగ్గర తీసుకున్నారు. దాని మీద చెక్కిన పేరు నిక్కోర్. నిప్పాన్ కోగాకు అంటే ఇవాళ్టి నికానే! కానన్ తొలి కెమెరా లోకాన్ని చూసింది నికాన్ కంటితో. ఇప్పటికీ ఇచ్చిపుచ్చుకోవడాలు ఆగలేదు. నికాన్ బాడీల్లో చాలావాటికి సెన్సార్లు తయారుచేసి ఇస్తున్నది సోనీ.

మరి పక్షాలు దేనికి? బాడీ ముందు భాగంలో మెరిసే లోహపు ఉంగరం ఉంటుంది చూడు, మౌంటు అంటారు, అసలు సంగతి దాని దగ్గర ఉంది. ఒక కంపెనీ ఉంగరం కోసం చేసిన లెన్సు ఇంకో కంపెనీ ఉంగరంలో కూర్చోదు. బాడీ నాలుగైదేళ్లకి పాతబడుతుంది. మంచి లెన్సు మాత్రం పాతికేళ్లు పనిచేస్తుంది. నాలుగు లెన్సులు కొన్నవాడు పక్షం మారాలంటే నాలుగూ తెగనమ్ముకోవాలి. మొదట అది డబ్బు లెక్క. ఏళ్లు గడిచేకొద్దీ అదే అభిమానంగా మారుతుంది.

చేతి అలవాటు సంగతీ ఉంది. కెమెరాకి ఎదురుగా నిలబడి చూస్తే కానన్ లెన్సు గడియారపు ముల్లు తిరిగే వైపు తిప్పితే బిగుస్తుంది, నికాన్ లెన్సు దానికి ఎదురు వైపు. జూమ్ తిప్పే దిక్కు కూడా అంతే. పదేళ్లు ఒకటే వాడినవాడి చేతిలో రెండోది పెడితే, తాళి కట్టే క్షణంలో వేళ్లు తప్పు దిక్కుకి తిరుగుతాయి. అలాంటివాడు ‘నాది నికానే’ అంటే మొండితనం అనుకోకు. అది వేళ్లు నేర్చుకున్న విద్య.

కంపెనీలు ఈ అభిమానానికి విలువ ఇచ్చిన సందర్భం ఒకటీ, తెంచేసుకున్న సందర్భం ఒకటీ చెబుతాను. నికాన్ 1959లో ఎఫ్ అనే కెమెరాతో పెట్టిన ఉంగరాన్ని డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ల దాకా మార్చలేదు. కానన్ దారి వేరు. 1987లో ఈఓఎస్ 650తో పాటు కొత్త ఈఎఫ్ మౌంటు తెచ్చింది. అప్పటిదాకా జనం కొనుక్కున్న ఎఫ్‌డీ లెన్సులు కొత్త బాడీలకి నేరుగా అమరలేదు. కూడబెట్టి లెన్సులు కొనుక్కున్నవాళ్లకి కడుపు మండింది. ఆ కోపం న్యాయమైనదే. అయినా ఇంజనీర్లు ఊరికే మార్చలేదు. కొత్త ఉంగరం వెడల్పు 54 మిల్లీమీటర్లు. బాడీకీ లెన్సుకీ మధ్య మీటలూ పుల్లలూ లేకుండా అన్నీ విద్యుత్ సంకేతాలే. ఫోకస్ తిప్పే మోటారు లెన్సులోనే. పరుగెత్తేవాణ్ణి వెంటాడి పట్టే వేగం ఆ మోటార్ల నుంచి వచ్చింది. 1990లు వచ్చేసరికి ఆటల మైదానాల అంచున కానన్ తెల్ల లెన్సులు బారులు తీరాయి. నికాన్ మీద ప్రాణం పెట్టుకున్న పత్రికల వాళ్లు ఎందరో అటు వెళ్లిపోయారు.

నికాన్ నిలకడలోనూ ఒక మెలిక ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు దెబ్బతినేది అక్కడే, అందుకే వివరంగా రాస్తున్నాను. పాత ఆటోఫోకస్ నిక్కోర్లలో మోటారు ఉండదు. బాడీలోని మోటారే వాటిని తిప్పాలి. 2006లో వచ్చిన డీ40 బాడీలో ఆ మోటారు తీసేశారు. తర్వాతి డీ3000, డీ5000 వరుసల్లోనూ లేదు. సెకండ్ హ్యాండ్‌లో మోటారు లేని 50 ఎంఎం 1.8డీ లెన్సు చవగ్గా దొరికిందని సంబరపడి డీ3500కి తగిలిస్తే, ఉంగరం చక్కగా బిగుస్తుంది, ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాలి. అదే లెన్సు డీ7200 మీద హాయిగా పనిచేస్తుంది.

ఇక అభిమానం ఒక్క ఫోటోతో కరిగిన కథ. 1950 నాటికి పాశ్చాత్య ఫోటోగ్రాఫర్లకి లెన్సు అంటే జర్మనీ లెన్సే. జపాన్ సరుకంటే నాసిరకమని లెక్క. లైఫ్ పత్రికకి పనిచేసే డేవిడ్ డగ్లస్ డంకన్ ఆ ఏడాది టోక్యోలో ఉన్నాడు. జున్ మికి అనే జపాన్ ఫోటోగ్రాఫర్ 85 ఎంఎం నిక్కోర్‌తో ఆయన్ని ఫోటో తీసి, ప్రింటు చూపించాడు. ఆ ప్రింటులోని వాడి చూసి డంకన్ నమ్మలేకపోయాడు. నేరుగా నిప్పాన్ కోగాకుకి వెళ్లి లెన్సులు పరీక్షించి చూశాడు. కొద్ది రోజుల్లోనే కొరియా యుద్ధం మొదలైంది. తన జర్మన్ లైకా బాడీలకి నిక్కోర్ లెన్సులు బిగించుకుని అక్కడికి వెళ్లాడు. ఆ ఫోటోలు లైఫ్‌లో వచ్చాక జపాన్ లెన్సుల పేరు అమెరికా అంతా పాకింది. ఇందులో డంకన్ చేసిన ఒక పని మామయ్యకి చాలా ఇష్టం. లైకాని ఆయన వదిలెయ్యలేదు. బాడీ నచ్చింది, ఉంచుకున్నాడు. ఇంకొకరి లెన్సు మెరుగనిపించింది, తగిలించుకున్నాడు.

మీ క్లబ్బులో కూడా అలాంటి పరీక్ష ఒకటి పెట్టండి. ‘కానన్‌లో చర్మం రంగు బాగుంటుంది’ అన్న మాట ప్రతి పెళ్లి ఫోటోగ్రాఫర్ నోటా వింటావు. కెమెరా తనంతట తాను తయారుచేసే జేపెగ్ విషయంలో అందులో కొంత నిజం ఉంది, ఎందుకంటే రంగుల వంటకం ఒక్కో కంపెనీది ఒక్కో రకం. రా ఫైలు తీస్తే ఆ వంట నీ చేతిలోకి వస్తుంది. ఒకే మనిషిని, ఒకే కిటికీ వెలుగులో, ఒకే వైట్ బ్యాలెన్స్‌తో మూడు కెమెరాల మీదా రా తీయండి. ఒకే సాఫ్ట్‌వేర్‌లో సరిచేసి, పేర్లు దాచి ప్రింట్లు వేయించండి. ఏది ఎవరిదో చెప్పమనండి.

కొనే ముందు ఇంకో రెండు సంగతులు. 2018లో కానన్ ఆర్‌ఎఫ్, నికాన్ జెడ్ అనే మిర్రర్‌లెస్ మౌంట్లు వచ్చాయి. అడాప్టర్ పెడితే పాత ఈఎఫ్ లెన్సులు ఆర్‌ఎఫ్ బాడీల మీద బాగా నడుస్తాయి. కానీ 2012లో కానన్ మొదలుపెట్టిన ఈఎఫ్-ఎం మౌంటుకి ఆ వెసులుబాటు లేదు. ఆ లెన్సులు ఆర్‌ఎఫ్ బాడీలకి పట్టవు. ఆ మౌంటు ఉన్న ఎం50 చవగ్గా వస్తోందని ఎవరైనా అంటే ఈ మాట గుర్తుంచుకో. సోనీ 2011లోనే తన ఈ-మౌంటు వివరాలు ఇతర తయారీదారులకి ఇచ్చింది. అందుకే ఆ ఉంగరానికి సిగ్మా, టామ్రాన్ లెన్సులు ఎన్నో దొరుకుతాయి. మీ సోనీ అబ్బాయి వాదనలో బలమైన పాయింటు అదే, ఒప్పుకో.

రెండోది, మన తీరం గాలి. కాకినాడ, విశాఖ తేమకి లెన్సు లోపల బూజు పడుతుంది. హైదరాబాద్ కోఠిలో కొన్నా, తెలిసినవాళ్ల దగ్గర కొన్నా, సెకండ్ హ్యాండ్ లెన్సుని సెల్‌ఫోన్ టార్చి వెలుగులో వెనక నుంచి చూడు. సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే ఎంత తక్కువకి ఇచ్చినా తీసుకోవద్దు.

మామయ్య నికాన్ పక్షాన చేరడానికి పెద్ద కారణమేమీ లేదు. ఊళ్లో పెళ్లిళ్లు తీసే ఆయన తన నికాన్ ఎఫ్‌ఎం2 కెమెరా అమ్మేస్తుంటే కొన్నాడు. ఏ లెన్సు కావాలన్నా ఆయనే ఎరువిచ్చేవాడు. అలా వాడి చూసి కొనుక్కుంటూ పోతే నాలుగు నిక్కోర్లు పోగయ్యాయి. నీ దగ్గర ఒక్క లెన్సు కూడా లేదు, కాబట్టి నువ్వింకా ఏ పక్షమూ కాదు. ఆ స్వేచ్ఛ మొదటి లెన్సు కొనేదాకానే. ఎవరి లెన్సులు నీకు అడగ్గానే దొరుకుతాయో, ఏ బాడీ నీ చిన్న చేతిలో నొప్పి లేకుండా గంటసేపు నిలుస్తుందో, ఆ రెండూ చూసుకుని కొను.

మామయ్య నిక్కోర్లు నాలుగూ మోటారు లేని పాతవే. సిలికా జెల్ వేసిన డబ్బాలో బూజు లేకుండా ఉన్నాయి. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఒక డీ7200, ఒక కానన్ బాడీ అద్దెకి తెచ్చుకో. రెండింటితోనూ రేవులో పడవలు తీద్దాం. నికాన్ నచ్చితే ఈ నాలుగు లెన్సులూ నీవే. కానన్ నచ్చితే మీ అత్తయ్య నీ కోసం దాచిన డబ్బుతో మొదటి 50 ఎంఎం లెన్సు కొనిపెడుతుంది.

ఆశీస్సులతో,
మామయ్య