కొండ ఎక్కితే మైలేజీ ఎందుకు పడిపోతుంది?

గీదంలో పెట్రోలు పోయించుకుని బైలదిల్లా కొండెక్కేవారు కంపెనీ చెప్పిన మైలేజీని నమ్ముకుంటే లెక్క తప్పుతుంది. ఆ అంకె రోడ్డు మీద తేలింది కాదు. ప్రయోగశాలలో కారును రోలర్లపై నిలిపి, ఏసీ ఆపి, గంటకు 90 కి.మీ. దాటకుండా నడిపి కొలిచింది. రోలర్లకు ఘాట్లు ఉండవు కదా!

మనుషులతో కలిపి 1,200 కిలోల బరువున్న కారు 500 మీటర్ల ఎత్తు ఎక్కడానికి దాదాపు 59 లక్షల జౌళ్ల శక్తి కావాలి. లీటరు పెట్రోలులో సుమారు 3.2 కోట్ల జౌళ్లు ఉన్నా, చక్రాలకు చేరేది దాదాపు పావు వంతే. అంటే ఎత్తు కోసమే ముప్పావు లీటరు అదనం. దిగేటప్పుడు ఇంధనం కొంత మిగులుతుంది. కానీ మలుపు మలుపుకూ బ్రేకు నొక్కాలి. ఎక్కేటప్పుడు కూడబెట్టిన శక్తిలో చాలా భాగం అలా బ్రేకుల దగ్గర వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది.