చదరంగపు గళ్ల సంఖ్య

సికింద్రాబాదు నగరమున, తిరుమలగిరియందు, ఒక బాలుడు చదరంగపు బల్లపై బియ్యపు గింజలు పేర్చుచున్నాడనుకొందము. మొదటి గడిలో 1, రెండవ గడిలో 2, మూడవ గడిలో 4. ఇట్లు గడిగడికిని రెట్టింపు చేయవలెను. మొదటి వరుసకు 255 గింజలు చాలును. అవి పిడికిట నిముడును. గ్రామునకు 40 గింజలు తూగునని లెక్కించినచో రెండు వరుసలకు కిలోన్నరకు పైగా, మూడు వరుసలకు నాలుగు క్వింటాళ్లకు పైగా, నాలుగు వరుసలకు నూటయేడు టన్నుల బియ్యము కావలెను. అప్పటికి బల్ల సగమే నిండినది!

అఱువదినాలుగు గళ్లకు కావలసిన గింజలు 1,84,46,74,40,73,70,95,51,615. నేడు ప్రపంచమంతటను పండు బియ్యమును సుమారు తొమ్మిదివందల యేండ్లు కూడబెట్టినగాని యీ రాశి సమకూరదు.

ఇరువది యంకెల యీ సంఖ్యను తెలుపు ప్రాచీన పద్యమొకటి తెలుగున కలదు. అది పావులూరి మల్లన పేర ప్రసిద్ధము. పదునొకండవ శతాబ్దివాడైన మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథమును తెనిగించిన కవి. పద్యమున అంకెలకు బదులు వస్తువుల పేళ్లుండును. చంద్రుడనగా 1, వేదములనగా 4, బాణములనగా 5, ఆకాశమనగా సున్న. మొదటి పదము ఒకట్ల స్థానమును, రెండవది పదుల స్థానమును తెలుపును. వ్రాయసకాడు ఒక అంకెను విడిచినచో తప్పు కనబడదు. పద్యమున ఒక పదమును విడిచినచో ఛందస్సు చెడి తప్పు బయటపడును. ఇట్లు పద్యము సంఖ్యకు కావలి కాచినది.

ఈ సంఖ్యకు మఱియొక విశేషము కలదు. రెండవ వరుసలోని ప్రతి గడియందును, మొదటి వరుసలో దానికి సరియగు గడియందున్న గింజలకు 256 రెట్లుండును. కావున రెండు వరుసల మొత్తము 255 × 257. ఈ విధముగనే రెండు గళ్ల మొత్తము 3. నాలుగు గళ్లకు 3 × 5. ఎనిమిదింటికి 3 × 5 × 17. గళ్లు రెట్టింపైనప్పుడెల్ల ఒక క్రొత్త గుణకము చేరును. తరువాతి గుణకములు 257, 65537, తుదిది 4294967297.

పదునేడవ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు గణితవేత్త ఫెర్మా, ఈ వరుసలోని సంఖ్యలన్నియు ప్రధాన సంఖ్యలేయని నమ్మెను. మొదటి యైదును అట్టివే. కాని 1732లో ఆయిలర్ తుదిదానిని పరీక్షించి, అది 641 × 6700417 అని నిరూపించెను. మహామేధావి నమ్మకమైనను లెక్కముందు నిలువలేదు.

తిరుమలగిరి బాలునికిని పరీక్షించు శక్తి కలదు. ఆ యిరువది యంకెలను కూడినచో 87 వచ్చును. అది మూడింట భాగింపబడును. కావున మహాసంఖ్యయు మూడింట భాగింపబడును. తొమ్మిదింట 87 భాగింపబడదు, అదియు భాగింపబడదు. సంఖ్య యెంత పెద్దదైనను భయపడవలదు. ఎవరు చెప్పినను సరిచూడక నమ్మవలదు.