కడలి అడుగును కొలుచు చదువు

బావి లోతు తెలియుటకు త్రాటికి రాయి కట్టి విడుతుము. నడిసముద్రమున మనకు ధ్వనియే త్రాడు. ఓడనుండి పంపిన ధ్వని అడుగును తాకి మరలివచ్చును. నీటిలో అది సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోవును. ప్రతిధ్వని 2 సెకనులకు వచ్చినచో లోతెంత? 3,000 మీటర్లనరాదు, అది రానుపోను దూరము. లోతు అందు సగము, 1,500 మీటర్లే.

1950 దశకమున విశాఖపట్టణమందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అమెరికా శాస్త్రజ్ఞుడు లాఫాండ్ గారు మన వారితో కలిసి బంగాళాఖాతమును పరిశోధించిరి. మన తీరమునకు ఆవలనున్న సముద్రగర్భపు లోయలు మూడింటికి ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ అని పేర్లు.

ఈ చదువు పల్లెకేల? తీరమున లోతు తక్కువైనకొలది తుపానునాటి ఉప్పెన ఎత్తుగా లేచును. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని బలిగొన్నది ఆ ఉప్పెనయే. అడుగు తీరు తెలిసిననే అది ఎంత ఎత్తున రాగలదో ముందుగా లెక్కగట్టగలము. గణిత, భౌతికశాస్త్రములపై మక్కువగల మన పిల్లలకు ఈ విద్యను చూపుదము.