కథ చెప్పే వీడియో గేములు: కొత్తవారు ఎక్కడ మొదలుపెట్టాలి?

వీడియో గేమ్ అనగానే మన హాస్టల్ మిత్రులకు గుర్తొచ్చేవి రెండే: కాల్పులు, క్రికెట్. రెండూ వేళ్ల వేగం మీద నడిచేవే. డిగ్రీకి వచ్చాకే మౌస్ పట్టుకున్న మేము మొదటి నిమిషంలోనే ఓడిపోయి, పక్కవాళ్లు నవ్వుతుంటే లేచి వెళ్లిపోయేవాళ్లం. ఇది మనకు అచ్చిరాదనుకున్నాం. అది పొరపాటని మూసాపేటలో గది తీసుకున్నాక, ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ ముందు తెలిసింది.

కథాప్రధానమైన గేములు వేరే రకం. నవలలో పాత్ర చేసే పనిని మనం చదువుతాం. ఇక్కడ ఆ పనిని మన చేతే చేయిస్తారు. వీటిలో చాలావాటికి స్కోరుతో పని లేదు.

మేము ముందుగా చెప్పేది 'వెన్బా'. కెనడాలోని విసాయ్ గేమ్స్ వారు 2023లో విడుదల చేశారు. 1980లలో కెనడాకు వలస వెళ్లిన తమిళ కుటుంబం కథ ఇది. తల్లి పేరే వెన్బా. ఆమెకు పుట్టింటి నుంచి వచ్చిన వంటల పుస్తకంలో కొన్ని మాటలు చెరిగిపోయాయి. ఇడ్లీతో మొదలుపెట్టి, ఏది ముందు, ఏది తర్వాత అని మనమే ఊహించి వండాలి. తప్పు చేస్తే మళ్లీ వండవచ్చు, ఓటమి లేదు. గంటన్నరలో అయిపోతుంది. కొడుకు కవిన్ పెరిగేకొద్దీ ఇంటి భాషకు, ఇంటి తిండికి దూరమవుతాడు. అక్కడ మా గదిలో ఎవరమూ మాట్లాడలేదు. క్లాస్‌మేట్స్ పక్కనుండగా అమ్మ ఫోన్ చేస్తే గొంతు తగ్గించి, "తర్వాత చేస్తా" అని పెట్టేసిన రోజులు మాకూ ఉన్నాయి.

రెండవది 'ఫ్లోరెన్స్' (2018). సెల్ ఫోన్‌లోనే ఆడవచ్చు, మాటలు చాలా తక్కువ కనుక ఇంగ్లిష్ భయం అక్కర్లేదు. ఫ్లోరెన్స్, క్రిష్ అనే ఇద్దరి ప్రేమ. వాళ్లు మాట్లాడుకోవాలంటే మనం ముక్కలు అతికించాలి. చనువు పెరిగేకొద్దీ ముక్కలు తగ్గుతాయి. ఒక్క మాట రాయకుండా చనువును చూపించడం మాకు నచ్చింది. (ప్రచురించిన అన్నపూర్ణ ఇంటరాక్టివ్ అమెరికా సంస్థ. మన అన్నపూర్ణ స్టూడియోస్ అనుకుని మేము కాసేపు గర్వపడ్డాం!)

కోల్‌కతా కళాకారిణి లీనా కేజ్రీవాల్ ఆలోచనతో 2016లో వచ్చిన 'మిస్సింగ్'లో, అమ్మాయిల అక్రమ రవాణాకు బలైన బాలిక స్థానంలో మనం ఉంటాం. మనసు బరువెక్కుతుంది. చిన్న తరగతుల తమ్ముళ్లకు ఇవ్వకండి.

మన హైదరాబాద్‌లోని ఓగర్‌హెడ్ స్టూడియో 2017లో చేసిన 'అసుర' ఉంది కదా అని కొందరు అడుగుతారు. మంచి పేరు వచ్చింది, నిజమే. కానీ చనిపోతే మళ్లీ మొదటి నుంచి. మొదటి గేమ్‌గా వద్దు.

డబ్బు విషయం. వెన్బా, ఫ్లోరెన్స్ ఒకసారి కొంటే చాలు. ఆడుతూ సంపాదించమనేవి పందేలు. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనే నిషేధించింది. డబ్బు పందెం ఆన్‌లైన్ ఆటలపై 2025లో పార్లమెంటు చట్టం చేసింది. కొనలేనివారు ఆదివారం మూసాపేట మెట్రో స్టేషన్‌లో దిగి ఫోన్ చేయండి, గదికి దారి చెబుతాం. ఇద్దరు కలిసి రండి. ఒకరు డైలాగులు పైకి చదవాలి, ఒకరు ఆడాలి. ఛార్జర్ వైరు మాత్రం కదిలించకండి, ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో పోయింది.