కడలి యొడ్డు పల్లెలలో ఆటలు అందఱికిని అందుటెట్లు?

పల్లెలలో ఆటలు ఏల వృద్ధినొందలేదని యడిగినచో, మైదానము లేదనియు, పరికరములు లేవనియు, ధనము లేదనియు ప్రత్యుత్తరము వచ్చును. ఇవి మూడును కావలసినవే. కాని వీనికి ముందు విచారింపఁదగిన ప్రశ్న యొకటి కలదు. ఆ యాటకు ఎవరు రాఁగలరు? ఎవరు రాలేక దూరమున నిలిచిపోవుచున్నారు? మన నెల్లూరు తీరమున మైపాడు, ఇస్కపల్లి, జువ్వలదిన్నె మొదలగు గ్రామములను తలఁచుకొని సమాధానము వెదకుదము.

మన యెఱిఁగిన వాలీబాలు చరిత్రమే మనకు మొదటి పాఠము. 1895వ సంవత్సరమున అమెరికాలోని హోలియోక్ పట్టణపు వై.ఎం.సి.ఏ.లో వ్యాయామ నిర్వాహకుఁడైన విలియం మోర్గన్ దీనిని కల్పించెను. నాలుగేండ్ల క్రిందట పుట్టిన బాస్కెట్‌బాలులోని పరుగును, త్రోపులాటను నడివయస్సువారు భరింపలేకపోయిరి. మోర్గన్ వారిని ఇంటికి పంపివేయక, నడుమ వల కట్టి, ఒకరినొకరు తాఁకని యాటను ఏర్పఱచెను. మనుష్యుఁడు ఆటకు తగఁడని త్రోసివేయక, ఆటనే మనుష్యునికి తగినట్లు మార్చెను. గ్రామక్రీడలకు మూలసూత్రమిదియే యని మా యభిప్రాయము.

ఈ సూత్రమును మొదట కాలమునకు అన్వయింతము. మత్స్యకారుఁడు తెల్లవారకమున్నే పడవ నెక్కును. రొయ్యల గుంటల కడ పనిచేయు యువకునకు మేత వేయు వేళలు కలవు. పట్టణపు వేళకు రమ్మన్న వీరు రాలేరు. కాని తూర్పుతీరమున చేఁపల సంతానవృద్ధికొఱకు ప్రతివత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు, 61 దినములు, మరపడవల వేట నిషేధింపఁబడును. వేసవి సెలవులును ఇంచుమించుగా ఆ దినములలోనే వచ్చును. పడవలు ఒడ్డున నుండు ఈ రెండు మాసములును క్రీడలను ఆరంభించుటకు అనువైన కాలము. ఎండ తీవ్రమగుటచే ప్రాతఃకాలమునను, ప్రొద్దు వాలిన పిమ్మటను మాత్రమే ఆడింపవలెను. త్రాగునీరు లేనిచోట ఆట మొదలిడరాదు.

ఇఁక స్థలము. పోటు తీసిన పిమ్మట గట్టిపడిన తడియిసుక పరుగునకును, మెత్తని పొడియిసుక చెడుగుడునకును తగియున్నవి. 2008లో బాలి ద్వీపమున జరిగిన మొదటి ఆసియా సముద్రతీర క్రీడలలోనే కబడ్డీకి స్థానము లభించినది. ఐనను ముందుగా గాలములు, గాజుపెంకులు, ముండ్లు ఏఱివేయవలెను. బంతికై ఎవరును అలలలోనికి దిగరాదు. వాలీబాలునకు రెండు సరుగుడు గుంజలును, పాతవలయు చాలును. వల యల్లుటలో మన మత్స్యకారులను మించినవారెవరు? కొనవలసినవి బంతియు, ఈలయు మాత్రమే.

బాలికలకు అడ్డమైనది శక్తిహీనత కాదు. వారికి తీఱిక లేదు, తల్లిదండ్రులకు ధైర్యము లేదు. కనుక ఆటస్థలము ఇండ్లకు కనఁబడు దూరములో నుండవలెను. దీపము పెట్టు వేళకు ఆట ముగియవలెను. ఉపాధ్యాయురాలో, ఊరి పెద్దామెయో దగ్గఱ నుండవలెను. చెల్లెలిని చంకనెత్తుకొని వచ్చిన బాలికను తిప్పి పంపక, ఆ బిడ్డను చూచుకొనుటకు వంతులు పెట్టవలెను. ఆసియా క్రీడలలో పురుషుల కబడ్డీ 1990లోను, స్త్రీల కబడ్డీ 2010లోను ప్రవేశించెను. ఆ యిరువది యేండ్ల యాలస్యము మన పల్లెలలో జరుగరాదు.

అంగవైకల్యము గలవారికి కూర్చుండి యాడు వాలీబాలు కలదు. 1956లో నెదర్లాండ్సు దేశమున పుట్టిన యీ యాటకు 10 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు గల స్థలము చాలును. వల యెత్తు పురుషులకు 1.15 మీటర్లు, స్త్రీలకు 1.05 మీటర్లు. మన యిసుకలో కాళ్లు బాగుగనున్నవారును వారితో కూర్చుండి యాడవచ్చును. అప్పుడు జాలికి చోటులేదు, పోటీయే మిగులును. వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామమున పుట్టిన దీప్తి జీవన్‌జీ బుద్ధిమాంద్యము గలవారి విభాగమున 2024 పారిస్ పారాలింపిక్సులో 400 మీటర్ల పరుగు 55.82 సెకండ్లలో ముగించి కంచుపతకము గెలిచెను. ఆమె వేగమును మొదట గుర్తించినది వ్యాయామోపాధ్యాయుఁడే. చూచు కన్ను గ్రామములో నున్న యెడల శక్తి మఱుగుపడదు.

పోటీలు మంచివే. 2023 డిసెంబరు 26న ఆరంభమైన ‘ఆడుదాం ఆంధ్ర’ పోటీలు 15 ఏండ్లు నిండినవారిని గ్రామ సచివాలయము మొదలు రాష్ట్రము వఱకు క్రికెట్టు, వాలీబాలు, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్ ఆటలలో నిలిపి, 2024 ఫిబ్రవరిలో ముగిసెను. కాని పోటీ యెన్నడును నిత్యాభ్యాసమునకు బదులు కాఁజాలదు. ఓడిన జట్టు మొదటి దినముననే ఇంటికి పోవును. ఆట యెక్కువగా కావలసినది వారికే గదా! వారమునకు రెండు సాయంకాలములు, ఏఁడాది పొడుగునను, తప్పక సాగు ఆట మేలు.

విద్యార్థులారా, గెలిచినవారి పట్టికను ఎవరైనను వ్రాయుదురు. ఈ సెలవులలో మీ గ్రామమునకు పోయినప్పుడు ఆటకు రానివారి పట్టికను వ్రాయుఁడు. ప్రతి పేరునకు ఎదుట కారణము వ్రాయుఁడు: పనివేళయా, దూరమా, భయమా, ఆట నియమమా? పిమ్మట ఒక్కొక్క కారణమును తొలఁగించు నుపాయము పెద్దలతో నాలోచింపుఁడు. ఆ పట్టికలో ఒక్క పేరు తగ్గినను, మీ గ్రామమునకు అది యొక విజయమే.