చిన్న గాటు, పెద్ద వివాదము

పిత్తాశయములో రాళ్లున్నవని తెలియగానే నేటి రోగి వైద్యుని అడిగే మొదటి ప్రశ్న, "కోసి చేస్తారా, రంధ్రాలు వేసి చేస్తారా?" అన్నది. 1980కి పూర్వము ఈ ప్రశ్న ఎవరికీ తోచియుండదు. 1882లో బెర్లిన్ నగరములో కార్ల్ లాంగెన్‌బుహ్ మొదటిసారి పిత్తాశయమును తొలగించినది మొదలు సుమారు వంద సంవత్సరములు శస్త్రవైద్యులందరూ పొట్టను కోసియే ఆ పని చేసినారు. పిత్తాశయమా, చిన్న సంచి. దానిని చేరుటకు చర్మము, కండరములు, ఉదరపు పొర అన్నియు ఛేదింపవలసి వచ్చేది. కనుక రోగి పడిన బాధలో అధికభాగము సంచిని తీసినందుకు గాక, దానిని చేరిన దారికే చెల్లించిన సుంకమని మనము గుర్తింపవలెను.

కోయకుండా లోపలికి చూడవచ్చునన్న ఆలోచన మాత్రము చాల పాతది. 1901లో జర్మనీ వైద్యుడు గియోర్గ్ కెల్లింగ్ ఒక కుక్క ఉదరములోనికి గాలి నింపి, మూత్రాశయమును పరీక్షించే దర్శినిని చొప్పించి లోపలి అవయవములను చూపినారు. 1910లో స్వీడన్‌కు చెందిన యాకోబేయస్, పొట్టలో నీరు చేరిన రోగులను ఇట్లే పరీక్షించినారు. హంగేరీ వైద్యుడు వెరెస్ 1938లో క్షయరోగుల ఛాతీలోనికి గాలి పంపుటకు ఒక స్ప్రింగు సూదిని ప్రకటించినారు. లోపలి ఖాళీని చేరగానే మొద్దు కొన ముందుకు వచ్చి అవయవములకు గాయము కాకుండా కాపాడే సూది అది. ఛాతీకై పుట్టిన ఆ సూదియే నేటికీ ఉదరములోనికి వాయువు పంపుటకు ఉపయోగపడుచున్నది. ఆంగ్ల భౌతికశాస్త్రజ్ఞుడు హెరాల్డ్ హాప్కిన్స్, దర్శినిలో చిన్న కటకముల మధ్యనున్న గాలికి బదులు గాజు కడ్డీలను అమర్చినప్పుడు మసకగా కనిపించినది తేటపడినది. ఆయన వైద్యుడు కాడని మన భౌతికశాస్త్ర విద్యార్థులకు ప్రత్యేకముగా గుర్తుచేయుచున్నాము.

శస్త్రచికిత్స జరిగే తీరు ఇది. రోగికి మత్తు ఇచ్చి, నాభివద్ద సుమారు ఒక సెంటీమీటరు గాటు పెట్టి బొగ్గుపులుసు వాయువును నింపుతారు. పీడనమును సాధారణముగా 12 నుండి 15 మిల్లీమీటర్ల పాదరసమునకు మించనీయరు. ఉదరపు గోడ గుడారమువలె లేచి లోపల చోటు ఏర్పడుతుంది. ఈ వాయువునే ఎన్నుకొనుటకు కారణమున్నది. ఇది మండదు, కావున విద్యుత్తుతో రక్తనాళములను కాల్చి మూయుటకు అడ్డు లేదు. రక్తములో సులభముగా కరిగి ఊపిరితో బయటకు పోవును. మిగిలిన కొంచెము ఉదరవితానమును రాపిడి పెట్టగా, మరునాడు రోగి "కోసినది పొట్టయైతే భుజము నొప్పేమిటి?" అని ఆశ్చర్యపడుట కద్దు. ఆ రెండింటి నాడులు మెడలో ఒకే చోట పుట్టుటయే దీనికి కారణము. సాధారణముగా మరి మూడు చిన్న రంధ్రముల ద్వారా పరికరములు పంపి, పిత్తాశయ నాళమునకు, ధమనికి క్లిప్పులు బిగించి, సంచిని కాలేయమునుండి ఒలిచి బయటకు తీస్తారు.

ఇంత చక్కని పద్ధతికి స్వాగతము లభించినదా? లేదు. కీల్ నగరములోని స్త్రీవ్యాధుల నిపుణుడు కుర్ట్ సెమ్ 1980లో ఇట్లు అపెండిక్సును తొలగించగా, ఆయనను విధులనుండి తప్పించవలెనని తోటి శస్త్రవైద్యులు పట్టుబట్టినారు. ఆయన తన పరికరములను తానే రూపొందించుకొన్న మనిషి. ఈ గుణము శస్త్రవైద్యమునకు క్రొత్తది కాదు. సుమారు 1000వ సంవత్సరమున కోర్దోబాలో అల్ జహ్రావీ తన "అల్ తస్రీఫ్" గ్రంథపు చివరి భాగములో రెండు వందల వరకు శస్త్రపరికరముల బొమ్మలు గీసి చూపిన సంగతి మన ఉర్దూ విభాగపు మిత్రులు ఎరిగినదే.

సెమ్ బాటలోనే ఎరిక్ మ్యూహె 1985 సెప్టెంబరు 12న బోబ్లింగెన్‌లో దర్శినితో పిత్తాశయమును తొలగించినారు. 1986లో జర్మనీ శస్త్రవైద్య సంఘపు మహాసభలో ఆయన దానిని వివరించగా సభికులు పెడచెవిని పెట్టినారు. పెద్ద శస్త్రవైద్యుడు పెద్ద గాటు పెడతాడన్న నానుడి వారిలో పాతుకొని ఉండెను. 1987లో లియోన్‌లో ఫిలిప్ మూరే చేసిన శస్త్రచికిత్స తరువాత ఈ పద్ధతి ఫ్రాన్సునుండి లోకమంతట వ్యాపించినది. 1992లో అదే జర్మనీ సంఘము మ్యూహెను సత్కరించినది. మన దేశములో 1990లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో డాక్టర్ తెహెంతన్ ఉద్వాడియా దీనికి నాంది పలికినారు. ఇది ధనికుల విలాసమని అనుకొన్నవారు కూలివాని లెక్క వేయలేదని మా అభిప్రాయము. వారముల తరబడి మంచముపై ఉండుటకు, కొద్ది దినములలో పనికి పోవుటకు గల తేడా జీతము ఆగని ఉద్యోగికన్న దినకూలికే ఎక్కువ తెలియును.

అయితే వ్యతిరేకించినవారి భయమంతయు అసూయయని త్రోసివేయరాదు. ఈ పద్ధతిలో వైద్యుడు వ్రేళ్ల స్పర్శను కోల్పోవును. తెరపై లోతు సరిగా తెలియదు. చేయి కుడికి జరిపిన పరికరపు కొన ఎడమకు పోవును. తొలి సంవత్సరములలో కొందరు పిత్తాశయ నాళమని భ్రమించి ప్రధాన పిత్తనాళమునే కత్తిరించినారు. అట్టి గాయము రోగిని జీవితాంతము వేధింపగలదు. అందుకే 1995లో స్ట్రాస్‌బర్గ్ మొదలైనవారు ఒక నియమమును ప్రతిపాదించినారు. అక్కడి కొవ్వును, పొరలను తొలగించి, సంచి అడుగు భాగమును కాలేయమునుండి విడదీసి, సంచిలోనికి పోవునవి రెండే రెండని కన్నులార చూచిన పిమ్మటనే కత్తెర వేయవలెను.

వాపు వలన ఆ రెండును స్పష్టముగా కనిపించనిచో వైద్యుడు వేరు ఉపాయములు చూడవలెను, లేదా పొట్టను తెరవవలెను. శస్త్రచికిత్సకు ముందు రోగి సంతకము పెట్టే అంగీకార పత్రములో "అవసరమైనచో కోసి చేయుదుము" అన్న వాక్యము ఉండుట అందుకే. ఆ పని జరిగినప్పుడు "ఆపరేషను చెడిపోయినది" అని బంధువులు గగ్గోలు పెట్టుటను మనము వింటూనే ఉన్నాము. లోపల ఏమి కనిపించలేదని, దేనిని కత్తిరించకుండా ఆగినారని వారు ఆ వైద్యుని అడిగి తెలిసికొనవచ్చును.